పన్నెండో రోజున పిండికట్టు విప్పించి పుత్తూరు వెళ్లాలా?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. నవంబరు 3న తెల్లవారుజామున వాకిట్లో కళ్లాపి చల్లి వెనక్కి తిరుగుతూ జారి పడింది. కుడిచేయి నేలకు ఆనించడంతో మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆస్పత్రిలో మత్తు ఇచ్చి ఎముకను సరిచేసి, మోచేతి కింది నుంచి అరచేతి దాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు ఉంచాలన్నారు. నేటికి 12 రోజులైనా వేళ్ల వాపు పూర్తిగా తగ్గలేదు. అమ్మ ఆ చేతిని మెడకు వేలాడే పట్టీలో పెట్టుకుని కదపకుండా కూర్చుంటోంది. కట్టు విప్పించి పుత్తూరు తీసుకెళ్దామని మా పెదనాన్నగారు పట్టుబడుతున్నారు. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని అమ్మ చారన్నం, మజ్జిగన్నంతోనే సరిపెట్టుకుంటోంది. ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లే హడావిడిలో మెట్టు తప్పి మా తమ్ముడికి చీలమండ మెలికపడింది. ఎక్స్‌రేలో ఏమీ విరగలేదన్నారు గాని నొప్పి, వాపు అలాగే ఉన్నాయి, నూనె పెట్టి నీవిస్తే మంచిదా? చివరగా అమ్మ అడగమన్న మాట ఒకటుంది: సంక్రాంతికి ముగ్గు వేయగలనా అని.
– ఒక పాఠకురాలు, రాజంపేట

సమాధానం: మీ ప్రశ్నల్లో ముందుగా జవాబు చెప్పవలసినది పుత్తూరు ప్రయాణం గురించినది, ఎందుకంటే మిగిలినవాటికి కొంత వ్యవధి ఉంది, దీనికి లేదు. ఇప్పుడు ఆ కట్టు విప్పించవద్దు. మీ పెదనాన్నగారి మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. పుత్తూరు కట్టుకు మన రాయలసీమలోనే కాదు, తమిళనాడు, కర్ణాటకల్లోనూ తరాల నుంచి పేరుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు కూడా ఎముకను కదలకుండా పట్టి ఉంచడానికే. ఆ కట్టుతో చేయి బాగైనవాళ్లు ఆయనకు తెలిసే ఉంటారు, వాళ్లు చెప్పేది అబద్ధమూ కాదు, ఎందుకంటే చోటు తప్పకుండా బీట మాత్రమే వారిన ఎముక, మన జనం ఎయిర్ క్రాక్ అని పిలుచుకునేది, ఏ కట్టుతోనైనా కదలకుండా ఉంచితే అతుక్కుంటుంది. మీ అమ్మగారిది అలాంటి విరుపు కాదు. మత్తు ఇచ్చి సరిచేయవలసి వచ్చిందంటేనే ఎముక ముక్క పక్కకు జరిగిందని అర్థం. జరిగిన ముక్కను చోటుకు తెచ్చి, దాన్ని ఆ చోటులోనే ఉంచడానికి వేసిన కట్టు ఇది. పన్నెండో రోజున దాన్ని తీయడం ఎందుకు ప్రమాదమో తెలియాలంటే ఇప్పుడు ఆ కట్టు లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

ఎముక విరిగినప్పుడు దానిలోని రక్తనాళాలు కూడా తెగి, విరిగిన అంచుల మధ్య రక్తం చేరి గడ్డకడుతుంది. చేయి అంతగా వాచి, కమిలి నల్లబడటానికి కారణం అదే. చూసేవాళ్లకు భయం పుట్టించే ఆ రక్తపు గడ్డే అతుకుకు మొదటి పునాది. మొదటి వారం రోజుల్లో శరీరం చితికిన కణాలను తొలగించుకుంటూ, ఆ గడ్డలోకి కొత్త రక్తనాళాలను పంపుతుంది. రెండో వారం, మూడో వారం నాటికి అక్కడ మెత్తటి అతుకు ఏర్పడుతుంది. చెవి పైభాగాన్ని వేళ్లతో వంచి చూడండి, వంగుతుంది, వదిలితే మళ్లీ నిలుస్తుంది. ఆ దశలో అతుకు దాదాపు అలాంటి పదార్థమే. తర్వాత దానిలో సున్నం చేరి గట్టిపడటానికి ఆరు వారాల వరకు పడుతుంది. అక్కడితోనూ పని పూర్తికాదు, అవసరానికి మించి పేరుకున్న ఎముకను చెక్కి, బరువు పడే చోట బలపరచి, పాత ఆకారానికి దగ్గరగా తెచ్చే పని ఏడాదికి పైగా సాగుతుంది. మణికట్టు దగ్గరి ఎముక లోపల స్పంజిలా ఉండి రక్తప్రసారం బాగా ఉండే భాగం కాబట్టి ఆరు వారాలు చాలు, అదే కాలి పిక్క ఎముక నడుమ విరిగితే నాలుగు నెలలైనా ఆశ్చర్యపోనవసరం లేదు.

మీ అమ్మగారి చేతిలోని అతుకు ఈ రోజు ఆ మెత్తటి దశలో ఉంది. ఇప్పుడు కట్టు విప్పి, చేయి పట్టుకుని లాగి, సరిచూసి, మరో కట్టు కడితే ఆ మెత్తటి అతుకు తెగవచ్చు, ముక్క మళ్లీ జరగవచ్చు. ఇంకో వారం, పది రోజులు గడిచాక జరిగిన సంగతి తెలిసినా, అప్పటికి అతుకు ముదిరిపోయి, మత్తు ఇచ్చి చేత్తో సరిచేసే అవకాశం ఉండదు, శస్త్రచికిత్స చేసి ప్లేటు, స్క్రూలు వేయవలసి వస్తుంది. పెదనాన్నగారికి ఈ మాట ఇలాగే చెప్పండి. ఆయన పట్టుదల కూడా మరదలి చేయి బాగుపడాలనే కదా.

దానికి బదులు ఈ వారంలో మీరు తప్పకుండా చేయవలసినది మరో ఎక్స్‌రే. కట్టు వేసిన రోజున చేయి బాగా వాచి ఉంటుంది. వాపు తగ్గేకొద్దీ కట్టు వదులై, లోపల ముక్క నెమ్మదిగా జారే అవకాశం ఉంటుంది. అందుకే మొదటి వారం చివర ఒకసారి, రెండో వారం చివర మరోసారి ఎక్స్‌రే తీసి చూస్తారు. కట్టు వేసి ఇంటికి పంపిన తర్వాత ఆరు వారాల దాకా ఎవరూ చూడకపోతే, ఆరో వారంలో కట్టు విప్పినప్పుడు వంకరగా అతికిన చేయి బయటపడుతుంది. మీ ఉత్తరంలో ఈ రెండో ఎక్స్‌రే ప్రస్తావన లేదు. ఇప్పటికే తీసి ఉంటే సంతోషం, లేకపోతే ఈ జవాబు చదివిన మర్నాడే వెళ్లండి. ఎముక కొద్దిగా వంగి అతికినా ఈ వయసువాళ్లకు రోజువారీ పనులు సాధారణంగా బాగానే సాగుతాయి, కాబట్టి ఎక్స్‌రేలో చిన్న తేడా కనబడగానే శస్త్రచికిత్స తప్పదని భయపడకండి. ముక్క బాగా జరిగినా, కీలు లోపలి నునుపైన తలం మెట్టులా విడిపోయినా మాత్రం డాక్టరుగారు ప్లేటు మాట ఎత్తుతారు, అప్పుడు వాయిదా వేయవద్దు.

ఈ విరుపు ఎంత పాత పరిచయమో చెబితే మీకు కొంత ధైర్యం కలుగుతుంది. పడినప్పుడు అరచేయి ఆనించగానే మణికట్టు పైన ఎముక విరిగి వెనక్కి జరిగి, పక్కనుంచి చూస్తే చేయి బోర్లించిన ఫోర్కులా వంపు తిరిగి కనబడటాన్ని డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిస్ 1814లోనే వర్ణించాడు. ఎక్స్‌రే కనుక్కున్నది 1895లో. అంటే ఆయన లోపలి ఎముకను చూడకుండా, చేత్తో తడిమి, ఆకారాన్ని బట్టి చెప్పాడు. ఇప్పటికీ ఎముకల డాక్టర్లు ఈ విరుపును ఆయన పేరుతోనే పిలుస్తారు, ప్రతి ఎముకల విభాగంలోనూ దీన్ని తరచుగా చూస్తూనే ఉంటారు.

ఇక వేళ్ల సంగతి. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీ ఉత్తరంలోని ఒక చిన్న వాక్యం, అమ్మ చేతిని పట్టీలో పెట్టుకుని కదపకుండా కూర్చుంటోందన్నది. ఎముక అతుకుతుంది, దాని పని అది చేసుకుపోతుంది. ఆరు వారాల తర్వాత నా దగ్గరకు వచ్చి ఏడ్చేవాళ్లలో ఎక్కువమంది ఎముక అతకనివాళ్లు కారు, వేళ్లు ముడుచుకోలేనివాళ్లు, చేయి తల దాకా ఎత్తలేనివాళ్లు. కదపకపోతే వాపులోని నీరు వేళ్ల కీళ్ల చుట్టూ నిలిచి, కీలును కప్పిన పొర, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు ఒకదానికొకటి అంటుకుపోయి బిగుసుకుంటాయి. ఎముక అతికిన తర్వాత ఆ బిగువును వదిలించడానికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా వదలదు.

కాబట్టి ముందు కట్టును ఒకసారి పరిశీలించండి. అరచేతి వైపు కట్టు అంచు, అరచేతిలో వేళ్లకు దగ్గరగా ఉండే అడ్డగీతకు కిందనే ఆగిపోవాలి. వేళ్ల మొదటి కణుపులు కూడా కట్టులో ఉండి అమ్మ పిడికిలి బిగించలేకపోతే, డాక్టరుగారికి చూపించి ఆ అంచు కత్తిరించమని అడగండి, అది ఐదు నిమిషాల పని. తర్వాత మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి అమ్మ చేత వేళ్లు ఆడించండి. ముందు వేళ్లన్నీ తిన్నగా చాపాలి. తర్వాత వేళ్ల మొదళ్లు కదలకుండా, నడిమి కణుపులూ చివరి కణుపులూ మాత్రం కొక్కెంలా వంచాలి. ఆ తర్వాత గోళ్లు అరచేతికి ఆనేలా పూర్తి పిడికిలి. పిమ్మట వేళ్లను విసనకర్రలా విప్పాలి, చివరగా బొటనవేలి కొనను ఒక్కొక్క వేలి కొనకూ తాకించాలి, చిటికెన వేలితో సహా. ఒక్కొక్కటి పదిసార్లు. మొదటి రెండు రోజులు నొప్పి ఉంటుంది, ఎముక కదిలిపోతుందేమోనని భయమూ ఉంటుంది. కట్టు ఎముకను పట్టి ఉంచింది, వేళ్లాడిస్తే అది కదలదు. అమ్మ మంచినీళ్ల గ్లాసు మూత తీయడం, పూలమాల కట్టడం, బటాణీలు ఒలవడం వంటి తేలికైన పనులు ఆ చేతితోనే చేసుకోవచ్చు, బరువు ఎత్తకూడదు, నేలకు ఆనించి లేవకూడదు.

భుజం కూడా మరువకండి. రోజుకు నాలుగైదుసార్లు పట్టీ తీసేసి, దువ్వుకునేటట్టు చేయి తల మీదికి ఎత్తించండి, మోచేతిని పూర్తిగా చాపించి ముడిపించండి. పట్టీ నడిచేటప్పుడు, జనంలోకి వెళ్లేటప్పుడు మాత్రమే. కూర్చున్నా పడుకున్నా రెండు దిండ్ల మీద చేయి గుండె కంటే ఎత్తులో ఉండాలి. పన్నెండో రోజున వేళ్ల వాపు ఉండటం అరుదేమీ కాదు, వేళ్లు ఆడించి ఎత్తులో పెడితే వారంలో మీకే తేడా కనబడుతుంది. ఆ చేతి వేలికి ఉంగరం ఇంకా ఉంటే ఈ రోజే తీయించండి, రాకపోతే కత్తిరించాలి. కట్టు లోపల దురద పుడితే పుల్లలు, చీపురు పుల్లలు దూర్చకూడదు, చర్మం గీరుకుపోయి పుండు పడితే కట్టు తీసేదాకా బయటికి కనబడదు. స్నానానికి ముందు ప్లాస్టిక్ సంచి కట్టి, దాని మూతిని పై అంచున బిగించండి.

అయితే వేళ్ల వాపు విషయంలో ఒక హద్దు ఉంది, దాన్ని ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. నొప్పి తగ్గుతూ రావలసింది పోయి గంటగంటకూ పెరుగుతున్నా, మాత్ర వేసుకున్నా లొంగకపోయినా, వేళ్లను మరొకరు మెల్లగా చాపితే అమ్మ కేక వేసినా, వేళ్లు చల్లబడి పాలిపోయినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లి కట్టు చీల్చించాలి. బిగిసిన కట్టు లోపల ఒత్తిడి పెరిగితే కండరానికి రక్తం అందదు, కొన్ని గంటలు గడిస్తే ఆ కండరం చచ్చిపోతుంది. నేను మొదట్లో పనిచేసిన ఆస్పత్రికి ఒక తాపీమేస్త్రీ దగ్గర పనిచేసే కుర్రవాడిని తెచ్చారు. సారువ మీద నుంచి పడితే ఊళ్లో ఎవరో వెదురు బద్దలు పెట్టి గట్టిగా బిగించి కట్టారు. రాత్రంతా ఏడ్చాడట, నొప్పి ఉంటే అతుకుతున్నట్టేనని సర్దిచెప్పారు. మూడో రోజున మేము బద్దలు విప్పేసరికి ముంజేయి చెక్కలా ఉంది, వేళ్లు పక్షి గోళ్లలా లోపలికి వంగిపోయాయి. ఎముక చక్కగానే అతికింది. ఆ చేయి మాత్రం మళ్లీ తాపీ పట్టలేదు. ఇది వెదురు బద్దల దోషమే కాదు, బిగించి వేసిన పిండికట్టుతోనూ ఇదే జరుగుతుంది, అందుకే ఎవరు కట్టినా ఈ లక్షణాలను చూసుకోవాలి. ఇంకో సంగతి, కొన్ని వారాల తర్వాత బొటనవేలిని పైకి లేపడం ఉన్నట్టుండి రాకపోతే, దాన్ని లేపే స్నాయువు అరిగి తెగి ఉండవచ్చు. ఈ విరుపులో అప్పుడప్పుడు అలా జరుగుతుంది, దానికీ వైద్యం ఉంది, వెంటనే చూపించండి.

పథ్యం విషయంలో అమ్మతో మీరు కొంచెం గట్టిగానే మాట్లాడాలి. పప్పు తింటే చీము పడుతుందన్న భయం మన ఇళ్లలో చాలా లోతుగా నాటుకుంది. చీము పుట్టించేది సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు, పైగా అమ్మకు చర్మం చిట్లలేదు, పుండే లేదు. అతుకు పోసేటప్పుడు శరీరం ముందుగా అల్లేది మాంసకృత్తుల పీచును, ఆ పీచులోనే తర్వాత సున్నం చేరుతుంది. చారన్నం, మజ్జిగన్నంతో నెలన్నర గడిపితే అల్లడానికి దారమే ఉండదు. రోజూ రెండు పూటలా పప్పు, ఒక గుడ్డు, తినేవాళ్లైతే చేప లేదా కోడికూర పెట్టండి. ఈ వయసు స్త్రీకి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల వరకూ, పెద్ద గ్లాసు పాలలో 250 వరకూ ఉంటుంది, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. రాగిసంకటి మీ ప్రాంతంలో ఇంటి తిండే కాబట్టి కొత్తగా ఏదీ కొననవసరం లేదు. నల్లేరు పచ్చడి పెట్టమని ఎవరైనా అంటే పెట్టండి, కణుపులు, ఈనెలు తీసి నేతిలోనో నూనెలోనో బాగా వేయించకపోతే నాలుక, గొంతు దురద పెడతాయి. దాన్ని ఆహారంగా తినండి, జరిగిన ముక్కను అది చోటుకు తేలేదు. అమ్మకు షుగరు ఉంటే అదుపులో ఉండాలి, తమలపాకులో పొగాకు వేసుకునే అలవాటు ఉంటే ఈ నెలన్నరైనా మానిపించండి, పొగాకు అతుకును ఆలస్యం చేస్తుంది.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. నిలబడిన ఎత్తు నుంచి పడితే ఆరోగ్యమైన ఎముక విరగకూడదు. మీ అమ్మగారు డాబా మీద నుంచి పడలేదు, వాకిట్లో జారారు. అంటే ముట్లు ఆగిపోయిన తర్వాతి ఏళ్లలో ఎముక లోపల గుల్లబారి ఉండే అవకాశం ఎక్కువ. అరవైలలో మనిషి చురుగ్గా నడుస్తూ ముందుకు పడతాడు, చేయి ఆనిస్తాడు, మణికట్టు విరుగుతుంది. డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో చేయి ఆనించే చురుకు తగ్గి పక్కకు పడతాడు, తుంటి విరుగుతుంది. తుంటి విరిగితే చాలామంది మంచాన పడతారు. మణికట్టు అతికింది కదా అని ఇంటికి వెళ్లిపోయి, ఎముక బలం సంగతి ఎవరూ పట్టించుకోకపోవడం నేను ఏళ్ల తరబడి చూస్తున్న పొరపాటు. ఎముక సాంద్రతను చూసే డెక్సా అనే పరీక్ష ఉంది, నొప్పి లేనిది, తిరుపతిలో చేయించుకోవచ్చు. దానిలో, యౌవనంలోని ఆరోగ్యమైన ఎముకతో పోల్చి చెప్పే టీ స్కోరు అనే అంకె మైనస్ 2.5 గాని అంతకంటే తక్కువ గాని వస్తే, వారానికొక మాత్రో, ఏడాదికొక ఇంజక్షనో డాక్టరుగారు రాస్తారు. విటమిన్ డి పొడి 60,000 యూనిట్లది రాస్తే అది సాధారణంగా వారానికి ఒకటి, రాసినన్ని వారాలే. రోజుకొకటి చొప్పున వేసుకుని వాంతులతో ఆస్పత్రిలో చేరినవాళ్లను చూశాను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. అలాగే నొప్పి మాత్రలు మందుల షాపులో అడిగి నెలల తరబడి వాడవద్దు, ఈ వయసులో కడుపులో పుండ్లు, మూత్రపిండాల మీద భారం వస్తాయి, పారాసెటమాల్ చాలా మందికి సరిపోతుంది.

మీ తమ్ముడి చీలమండ సంగతికి వస్తే, విరగలేదన్నంత మాత్రాన దెబ్బ తగలలేదని కాదు. పాదం లోపలికి మెలికపడినప్పుడు చీలమండ బయటి వైపున ఎముకను ఎముకతో కట్టి ఉంచే నారలాంటి బంధనాలు సాగుతాయి, కొన్ని పోగులు తెగుతాయి. ఎక్స్‌రేలో ఎముకే కనబడుతుంది, ఈ బంధనాలు కనబడవు. ఎముకతో పోలిస్తే వీటికి రక్తప్రసారం తక్కువ, అందుకే కొన్ని బెణుకులు ఎముక విరుపు కన్నా ఎక్కువ కాలం వేధిస్తాయి. పన్నెండు రోజులకు వాపు ఉండటం మామూలే. నూనె పెట్టి నీవించవద్దు, ముఖ్యంగా తొలి రెండు మూడు వారాల్లో, తెగి అల్లుకుంటున్న పోగులను నొక్కి లాగితే మళ్లీ రక్తం దిగుతుంది. తొలి రెండు మూడు రోజుల్లో గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు ఎత్తులో పెట్టి ఉంటే సరిపోయేది. ఇప్పుడు కావలసింది నడక. నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు మడమ నుంచి వేళ్ల దాకా పాదం పూర్తిగా ఆనించి నడవాలి, పాదాన్ని పైకి, కిందికి, పక్కలకు ఆడించాలి. నిలబడగలిగాక, పళ్లు తోముకునేటప్పుడు గోడకు దగ్గరగా ఆ ఒంటికాలి మీద నిలబడటం అలవాటు చేసుకోమనండి, బెణికిన కాలికి పోయేది బలమే కాదు, ఎక్కడ అడుగు పడుతోందో తెలిసే నేర్పు కూడా, అది తిరిగి రాకపోతే అదే కాలు మళ్లీ మళ్లీ మెలికపడుతుంది. ఆ ఒంటికాలితో నొప్పి లేకుండా గెంతగలిగేదాకా ఆటలు వద్దు. ఇప్పటికీ నాలుగడుగులు కూడా వేయలేకపోతే, లేదా ఆరు వారాలు గడిచినా నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించాలి, అప్పుడు ఎమ్మారై అవసరం కావచ్చు.

చివరగా అమ్మ ప్రశ్న. డిసెంబరు నెల మధ్యలో కట్టు విప్పుతారు. విప్పిన రోజున చేయి సన్నబడి, పొలుసులు రాలుతూ, మణికట్టు బిగుసుకుని ఉంటుంది, అది చూసి ఆమె బెంగపడకూడదు. గోరువెచ్చని నీళ్లలో చేయి ముంచి పదేసి నిమిషాలు మణికట్టును పైకి, కిందికి వంచడం, అరచేయి బోర్లించి వెల్లకిలా తిప్పడం, మెత్తటి గుడ్డను పిండటం రోజుకు నాలుగైదుసార్లు చేస్తే, భోగి నాటికి ఆమెకు నాలుగు వారాలు దొరుకుతాయి. పట్టు బలం పూర్తిగా రావడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది గాని, ముగ్గుకు కావలసింది బలం కాదు, బొటనవేలు, చూపుడువేలి మధ్య నుంచి పిండిని సమంగా జారవిడిచే ఒడుపు, ఆ ఒడుపు ఈ రోజు నుంచి వేళ్లాడిస్తే పోదు. ఒక పళ్లెంలో పొడి ముగ్గు పోసి అమ్మ ముందు పెట్టండి, కట్టుతోనే రెండు వేళ్లతో చిటికెడు తీసి చుక్కలు పెట్టమనండి, పిండికట్టుకు తడి తగలకుండా చూసుకుంటే చాలు. సంక్రాంతి రోజున కళ్లాపి మీరు చల్లి, వాకిలి ఆరాక, ఆమెకు చిన్న పీట వేసి కూర్చోబెట్టండి, వంగి వెనక్కి నడుస్తూ వేసే రథం ముగ్గు ఈ ఏడాదికి వద్దు, కూర్చుని వేయగలిగిన ఏడు చుక్కల ముగ్గు ఆమె వేయగలదనే నా నమ్మకం.